బావగారి బిరడా

“ఈ ఆవిరంతా పాప ఊపిరితిత్తుల్లో పేరుకుంటే?”

లాంచీ రేవు వదిలిందో లేదో చిన్నకోడలు ఈ మాట అనేసింది. రోజూ మనసులో అనుకునేదే, ఆ పొద్దున నోరు దాటి బయటికి వచ్చేసింది. ఒళ్లో అప్పుడప్పుడే పాకడం నేర్చిన పాప. పాప ముఖానికి అడ్డంగా తడిపిన చేతిరుమాలు. ఎదురుగా చెక్కపెట్టెలో దడదడలాడుతున్న ఇంజను. ఆ పెట్టె సందుల్లోంచి సన్నగా, నీలంగా, వాడిన నూనెనే మళ్లీ మళ్లీ మరిగిస్తున్నట్టు ఒక కంపు. చుక్కాని పట్టుకున్న భర్త వెనక్కి తిరిగి చూశాడు. ఎప్పట్లాగే ముందుకు తిరిగిపోయాడు.

జవాబు ఇంజను పెట్టె పక్కనుంచి వచ్చింది.

“పేరుకోనీ అమ్మాయ్. కాస్త నూనె పడితే మంచిదే, ఊపిరితిత్తులు కీచుమనకుండా ఉంటాయి.”

ఆ మాటన్నది బావగారు, అంటే ఆమె భర్తకి అన్న. అని, తన హాస్యానికి తనే నవ్వి, నవ్వు మధ్యలో దగ్గొచ్చి, దగ్గు ఆగక పక్కకి తిరిగి నీళ్లలో ఉమ్మేశాడు. ఈ కథ ఆయనదే. తనంతటి మనిషి గురించి ఇంతకాలం ఎవరూ ఒక్క ముక్కైనా రాయలేదన్న వెలితి ఆయనకి ఉండనే ఉంది.

రేవులో ఆయన్ని డాక్టరు అంటారు. ఆ పేరెవరు పెట్టారని ఆయన్ని అడిగితే జనం పెట్టారంటాడు. జనాన్ని అడిగితే ఆయనే పెట్టుకున్నాడంటారు. ఏ లాంచీ ఇంజను మొరాయించినా ముందు ఆయన వస్తాడు, తరువాత మెకానిక్కు వస్తాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒకటి ఎప్పుడూ చేతిలో ఉంటుంది. దాని మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి నొక్కుకుని, కళ్లు మూసుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టాలి. ఎవడైనా మాట్లాడితే కన్ను తెరవకుండానే చెయ్యెత్తి ఆపుతాడు. చాలాసేపటికి పెదవి విరిచి, “చిన్న నలత” అంటాడు. ఏ ఇంజనుకైనా అదే జబ్బు. విరిగిన షాఫ్టూ చిన్న నలతే, పగిలిన హెడ్డూ చిన్న నలతే.

ఇంకో విశేషం ఏమిటంటే ఆయన చొక్కా తెల్లగా ఉంటుంది. ఇంజన్ల మధ్య పుట్టి పెరిగిన మనిషి చొక్కా మీద ఒక్క మరక ఉండదు. దాన్ని ఆయన తన పనితనానికి గుర్తుగా చెప్పుకుంటాడు. మరకలన్నీ ఆయన తమ్ముడి చొక్కా మీద ఉంటాయన్న సంగతి ఎవరూ ఎత్తరు. తమ్ముడు సరంగు. లాంచీ నడపడం, తాడు విసరడం, ఇంజను కడగడం, అన్నయ్య మాటకి తలాడించడం, ఈ నాలుగూ అతని పనులు. నాలుగోది అన్నిటికంటే శ్రద్ధగా చేస్తాడు.

ఆ అన్నదమ్ముల ఇల్లు రేవుకి దగ్గరే. కింద పెద్దవాడి కాపురం, మేడ మీద చిన్నవాడిది, మధ్యలో మెట్ల మీద వాళ్లమ్మ. ఆవిడ పగలు రేవులో టిక్కెట్ల గది కిటికీ దగ్గర కూర్చుంటుంది, సాయంత్రం మెట్ల మీద కూర్చుంటుంది. రెండుచోట్లా ఆవిణ్ని దాటకుండా ఎవరూ ఎటూ పోలేరు. చిన్నకోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో వస్తువులు చూసి బిత్తరపోయింది. కింద కుళాయికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, దాని మీద తీగ, తీగ మీద ఇంకో ట్యూబు ముక్క. ఫ్రిజ్ తలుపు సరిగా పడకపోతే కుయ్‌కుయ్‌మని అరిచే చిన్న రంధ్రం మీద ప్లాస్టరు. గాలికి కిర్రుమనే కిటికీకి అడ్డంగా మేకు. అది ఇక తెరుచుకోదు. ఏ వస్తువు గోల చేసినా బావగారి వైద్యం ఒకటే, నోరు నొక్కెయ్యడం. ఆ ఇంట్లో ఆయన చెయ్యి పడని వస్తువు ఒకే ఒక్కటి, తోడికోడలి కుట్టుమిషను. “నా మిషను జోలికొస్తే మీ చొక్కాకి గుండీలుండవు” అని ఆవిడ పెళ్లైన కొత్తలోనే చెప్పేసింది. ఆ మిషను నేటికీ చక్కగా కుడుతోంది.

ఇలాంటి ఇంటికి రసాయనశాస్త్రం చదివిన కోడలు వచ్చింది. అవతలి గట్టున నీటి పరీక్షల ల్యాబులో ఉద్యోగం. పిల్లల్ని చూసుకునే సెంటరు కూడా ల్యాబు పక్కనే. అందుకని రోజూ పొద్దున పాపని తీసుకుని లాంచీలో అవతలికి, సాయంత్రం ఇవతలికి. మామూలు తల్లులకి పిల్లల గురించి భయాలు వేస్తే ఊరూ పేరూ లేకుండా వస్తాయి, పోతాయి. ఈవిడకి ప్రతి భయమూ దాని ఫార్ములాతో సహా వస్తుంది. నూనె పొగలో ఏమేం ఉంటాయో, ఎంత సన్నటి తుంపర ముక్కులో ఆగుతుందో, ఎంత సన్నటిది ఆగకుండా లోపలికి పోతుందో ఆమెకు తెలుసు. తెలియడం వల్ల నిద్ర పట్టిందా అంటే, ఉన్న నిద్ర పోయింది. బావగారికి ఇది మంచి కాలక్షేపం. “చదువుకున్న భయం ఇది, మాత్రలకి తగ్గదు” అని రేవంతా చెప్పుకు తిరిగాడు. ఆమెకి “ల్యాబమ్మ” అని పేరు కూడా పెట్టాడు.

ఇంజను సంగతి ఆమెకు బొత్తిగా తెలియనిదేం కాదు. పైన సిలిండర్లలో డీజిలు మండుతుంది. ఆ మంట ఒత్తిడికి వేడిగాలి కొంత, పిస్టన్ రింగుల పక్కనుంచి జారి కింద నూనె ఉండే గదిలోకి దిగుతుంది. అక్కడ కాగుతున్న నూనె ఆవిరితో కలుస్తుంది. అలా చేరిన గాలి బయటికి పోవడానికి ఒక గొట్టం ఉంటుంది. దాన్ని బ్రీదరు అంటారు. ఇంజను ఊపిరి వదిలేది దాంట్లోంచే. రింగులు కొత్తవైతే ఆ ఊపిరి ఉందా లేదా అన్నట్టుంటుంది. అరిగితే బుసకొడుతుంది. వీళ్ల లాంచీలో బ్రీదరు గొట్టం ఇంజను పెట్టె లోపలే తెరిచి ఉంది. పెట్టె సందులన్నీ ప్రయాణికుల బల్లల వైపే. అంటే ఇంజను వదిలిన ఊపిరి తిన్నగా పాప ముక్కులోకి.

ఆ రోజు సాయంత్రం ఆమె మేడ మీద భర్తని నిలబెట్టేసింది.

“ఏవండీ, ఒక్క మాట. ఆ వాసనైనా పోవాలి, నేనూ పాపా అయినా పోవాలి. అవతలి గట్టున గది చూసుకుంటాను. మీరు ఆదివారాలు వచ్చి పాపని చూసి వెళ్లండి.”

సరంగు ముఖం పాలిపోయింది. పాపని విడిచి ఒక పూట ఉండలేడు. లాంచీ నడుపుతూ కూడా మాటిమాటికీ వెనక్కి తిరిగేది అందుకే. కిందికి దిగి, అన్నం తింటున్న అన్నయ్య ముందు నిలబడి, పెరుగు వడ్డించేదాకా ఆగి, నసుగుతూ విషయం చెప్పాడు.

ముద్ద సగంలో ఆగింది. “నా ఇంజను కంపు కొడుతోందా?”

“నీ ఇంజను కాదన్నయ్యా, దాని ఆవిరి...”

“రెండూ ఒకటే! ఎన్నేళ్లుగా పీలుస్తున్నాను నేను? నాకేమైంది?” అన్నాడు, దగ్గుతూ.

మెట్ల మీదనుంచి తల్లి అంది. “నీకేమైందో చెప్పాలంటే తెల్లారుతుంది గానీ, ముందు ఆ పిల్ల సంగతి చూడరా.”

“రేపు సాయంత్రానికి ఆ లాంచీలో వాసనన్నది ఉంటే నన్ను డాక్టరు అనకండి.”

“ఇప్పుడు మాత్రం ఎవరంటున్నార్రా?”

ఆయన అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. తరువాత వంటింట్లోకి వెళ్లి రెండోసారి తిన్నాడు, అది వేరే సంగతి.

మర్నాడు మధ్యాహ్నం లాంచీ ఖాళీగా ఉన్న వేళ ఆయన పెట్టె తెరిచి ఏదో చేశాడు. తమ్ముణ్ని కూడా దగ్గరికి రానివ్వలేదు. సాయంత్రం చిన్నకోడలు పాపతో ఎక్కింది. బల్ల మీద కూర్చుంది. చేతిరుమాలు తీసి తడపబోయి ఆగింది. ముక్కు ఎగబీల్చింది. నీటి వాసన, తడిసిన తాడు వాసన, పక్కావిడ తలనూనె వాసన. అంతే. ఇంకేమీ లేదు.

“వాసన ఎక్కడికి పోయింది బావగారూ?”

“ఎక్కడికి పోతుంది? లోపలే ఉండి కాలిపోతుంది. అవతలివాళ్ల కొత్త లాంచీలో చూశావా, ఇంజను పక్కన డబ్బా ఒకటుంటుంది. ఆవిరి దాంట్లోకి పోయి, తిరిగి ఇంజను పీల్చే గాలిలోనే కలిసి కాలిపోతుంది. ఇప్పుడు అంతా అదే పద్ధతి.”

ఆ పద్ధతి ఉన్నమాట నిజమే. ఆమె చదివింది కూడా. డబ్బాలో జాలీ ఉంటుంది, తుంపరలోని నూనె దానికి అంటుకుని కిందికి జారి ఇంజనులోకే చేరుతుంది, మిగిలిన ఆవిరి గాలితోపాటు మండిపోతుంది. బయటికి చుక్క రాదు.

“మరి మనకి డబ్బా ఏదీ?”

“డబ్బా చేతగానివాళ్లకి. నా పద్ధతి వేరు.”

ఇక్కడ ఇంకో ప్రశ్న అడగాల్సింది. పొద్దున్నించి సాయంత్రం దాకా ప్రశ్నలు అడగడమే ఆమె ఉద్యోగం. కానీ పాప అప్పుడే రుమాలు లేని ముఖంతో, నోరు తెరుచుకుని, హాయిగా నిద్రపోయింది. ఆ ముఖం చూశాక చదువుకున్న చదువంతా ఎవరో చేత్తో తుడిచేసినట్టైంది. “చాలా థ్యాంక్సండీ బావగారూ” అంది, మనస్ఫూర్తిగా.

ఆ ఒక్క థ్యాంక్సు మీద బావగారు కొన్నాళ్లు బతికాడు. ఎక్కినవాళ్లకీ దిగినవాళ్లకీ చెప్పాడు. “ల్యాబులో చదివినవాళ్లకి కూడా అంతుపట్టలేదండీ. ఒక్క పూటలో తేల్చేశాను.” టిక్కెట్ల కిటికీ దగ్గర తల్లికి రోజుకోసారి చెప్పేవాడు. ఆవిడ చిల్లర లెక్క తప్పుతోందని కసురుకునేది.

తరువాత ఇంజనుకి చెమటలు మొదలయ్యాయి. ముందు ఒక మూల నల్లటి తడి. ఆయన గుడ్డతో తుడిచాడు. మర్నాడు రెండు మూలల తడి. రెండు గుడ్డలు. ఆ పై వారానికి ఇంజను కింద నీళ్లలో రంగురంగుల నూనె తెట్టు తేలింది. తోడికోడలి కుట్టు దుకాణంలో గుడ్డముక్కలన్నీ అయిపోయాయి. “నూనె కల్తీ” అని తేల్చాడు డాక్టరు. “ఈ కాలం నూనెకి నిలకడ లేదు.”

ఒక ఉదయం సరంగు పెట్టె తెరిచేసరికి నూనె మట్టం చూసే కడ్డీ తన గొట్టంలోంచి పైకి లేచి, పక్కన పడి ఉంది. చుట్టూ నూనె చిమ్మి ఉంది. దాన్ని మళ్లీ దూర్చాడు. అవతలి గట్టు చేరేలోపు అది మళ్లీ బయటపడింది. సాయంత్రానికి ఆ కడ్డీని ఇనప తీగతో బిగించి కట్టేసి ఉంది.

“అన్నయ్యా, కడ్డీని ఎందుకు కట్టావు?”

“ఎగురుతోందిరా.”

“ఎందుకు ఎగురుతోంది?”

“ఇంజనుకి బలమొచ్చింది. నా వైద్యం ఒంటికి పట్టింది.”

సరంగు తలాడించాడు. ఆ రోజైనా తలాడించకుండా ఉంటే ఎంత బాగుండేదో. కానీ అలవాటు అలాంటిది. ఇంటికొచ్చి భార్యకి చెప్పనూ లేదు. చెబితే గది మాట మళ్లీ వస్తుందని భయం. ఆ ఇంట్లో ఒకడు బుద్ధి లేక మూస్తాడు, ఇంకొకడు గుండెధైర్యం లేక మూస్తాడు. ఇద్దరిలో ఎవడు మూసినా మూసినట్టే.

అది పొద్దున ఆఫీసుల వేళ. లాంచీ నిండా జనం. నడిమధ్యలో ఉండగా ఇంజను పెట్టెలోంచి తువ్వాలు చింపినట్టు ఒక చప్పుడు వచ్చింది. వెనకవైపు నూనె కారకుండా ఆపే సీలు ఊడిపోయింది. పైమూత కింద ప్యాకింగు బద్దలైంది. లోపల ఇన్నాళ్లూ దారి లేక బిగపట్టుకున్నదంతా ఒక్కసారి కక్కేసింది ఇంజను. వేడి నూనె పొగగొట్టం మీద పడి భగ్గుమనలేదు, అదొక్కటే అదృష్టం. కానీ తెల్లటి పొగ, చిక్కటి పొగ, చెయ్యి చాస్తే చెయ్యి కనపడని పొగ బల్లల మీదికి ముంచుకొచ్చింది. జనం ఒక పక్కకి తోసుకున్నారు. లాంచీ ఒరిగింది. “కూచోండి! ఎక్కడివాళ్లు అక్కడ కూచోండి!” అని సరంగు అరిచాడు. జీవితంలో అతను గొంతెత్తడం అదే మొదలు. ఇంజను ఆపేసి, కుర్చీ మీదనుంచి దూకి, పాపని అందుకుని ముందువైపు గాలిలోకి ఎత్తి పట్టుకున్నాడు.

చిన్నకోడలు అతని వెనకే పాకుతూ వచ్చింది. పాప దగ్గుతోంది. ఏడుపు, దగ్గు, మళ్లీ ఏడుపు. ఆ రెంటిమధ్యా ఊపిరి అందుతోందా లేదా అని పాప పొట్ట మీద చెయ్యి పెట్టి కూర్చుంది. ఇంజను లేని లాంచీ మెల్లగా తిరుగుతూ ప్రవాహంతో పోతోంది.

వాళ్లని లాగింది అవతలివాళ్ల కొత్త లాంచీయే. దాని సరంగు తాడు విసిరి, పొగలోంచి బయటపడ్డ బావగారిని చూశాడు. తెల్లచొక్కా ముందంతా నల్లగా, ముఖం మీద నూనె కారుతూ, చేతిలో ఇంకా ఆ స్క్రూడ్రైవరు.

“ఏం డాక్టరుగారూ, పేషెంటుకి ఎలా ఉంది?”

“చిన్న నలత” అన్నాడు బావగారు. ఆ మాట అలవాటు కొద్దీ వచ్చేసింది పాపం. రెండు లాంచీల జనమూ పొగా భయమూ మరిచి ఘొల్లున నవ్వారు. చిన్నకోడలు నవ్వలేదు.

పిల్లల డాక్టరు, నిజం డాక్టరు, పాప ఛాతీ నాలుగుచోట్ల విని, గోళ్లు చూసి, వేలికి క్లిప్పు పెట్టి చూసి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయమ్మా అంది. రెండు రోజులు కనిపెట్టి చూడమంది. బయట వరండాలో బల్ల మీద భార్యాభర్తలు కూర్చున్నారు. ఆమె అక్కణ్నుంచే ల్యాబులో తోటి ఉద్యోగికి ఫోన్ చేసింది. “మీ వీధిలో గది ఖాళీగా ఉందన్నావు కదా, ఇంకా ఉందా?” పక్కనే కూర్చున్న సరంగు అంతా విన్నాడు.

మర్నాడు లాంచీని షెడ్డులోకి లాగారు. అత్తగారు టిక్కెట్ల గదికి తాళం వేసి మరీ వచ్చింది. తోడికోడలు మెడలో టేపు తీయకుండా వచ్చింది. చిన్నకోడలు గదికి సామాను సర్దుకునే ముందు, ఇంజనుకి ఏం జరిగిందో తన కళ్లతో చూడాలని వచ్చింది. బావగారు ఇంజనుకి అడ్డంగా నిలబడ్డాడు.

“జరుగు” అంది తల్లి.

“నూనె కల్తీ అమ్మా...”

“జరగరా!”

బ్రీదరు గొట్టం మూతి దగ్గర సరంగు వేలు పెట్టి చూశాడు. వేలు దూరలేదు. గోకాడు. రంగు పెచ్చు ఊడింది. కింద చెక్క. గట్టి చెక్కతో చెక్కిన బిరడా, దానికి నూనెగుడ్డ చుట్టి, సుత్తితో దిగ్గొట్టి, పైన తీగ బిగించి, గొట్టం రంగే తెచ్చి తేడా తెలియకుండా పులిమి ఉంది. పనితనం గొప్పగా ఉంది, కాదనకూడదు. పట్టకారుతో లాగితే తప్ప రాలేదు.

అత్తగారు ఆ బిరడాని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. “కుక్కరు విజిలు గోల చేస్తోందని విజిలు మీద రోలు పెట్టావన్నమాట. నీ చేతి వంట తినకుండా ఇన్నాళ్లు బతికాం, సంతోషం.”

“డబ్బా పద్ధతి అన్నారు కదా బావగారూ,” అంది చిన్నకోడలు. “ఆ పద్ధతిలో ఇక్కడ మూస్తారు, అక్కడ దారి ఇస్తారు. మీరు మూయడం మాత్రం నేర్చుకున్నారు. మా పాప ఏడిస్తే ఏం చేసేవారు, నోటికీ బిరడా కొట్టేవారా?”

“అసలు ఇంత ఆవిరి ఎందుకు వస్తోంది?” అన్నాడు సరంగు, తలాడించకుండా. “రింగులు అరిగాయి కదా అన్నయ్యా. నీకు తెలీదా?”

బావగారు స్క్రూడ్రైవరు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. జవాబు ఆయన భార్య చెప్పింది.

“తెలుసు. నన్ను తెల్లగుడ్డ అడగడం మానేసినప్పుడే ఆయనకి తెలుసు.”

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ ఇంజను వంక చూస్తూనే చెప్పింది. బావగారికి పని నేర్పిన ముసలి మేస్త్రికి ఒక అలవాటుండేది. వారానికొకసారి, ఇంజను వేడెక్కాక, బ్రీదరు మూతికి జానెడు దూరంలో ఒక తెల్లగుడ్డ పట్టుకునేవాడు. కాసేపుంచి తీసి, గుడ్డ మీద పడ్డ మచ్చని పోయినవారం గుడ్డ మచ్చ పక్కన పెట్టి చూసేవాడు. అంతే. ఏ స్క్రూడ్రైవరూ చెవికి పెట్టుకునేవాడు కాదు. మేస్త్రి పోయాక బావగారు ఆ అలవాటు నిలబెట్టాడు. గుడ్డలు భార్య దుకాణంలోవే. చొక్కాలు కుట్టగా మిగిలిన తెల్లముక్కలు ఆవిడ వారం వారం తీసి పక్కన పెట్టేది.

“పోయినేడు ఒక వారం అడగలేదు. మర్చిపోయారనుకున్నాను. ఆ తరువాత వారమూ అడగలేదు. నేనే ఇవ్వబోతే కసిరారు.” ఆవిడ మెడలో టేపు తీసి చుట్ట చుట్టింది. “అడిగేవారు కాదు కానీ, నూనె తుడవడానికి మాత్రం నా దుకాణమంతా ఖాళీ చేశారు.”

అప్పుడు బావగారు అన్నాడు, రేవులో ఎవరూ ఎన్నడూ వినని గొంతుతో.

“మచ్చ వారం వారం పెద్దదవుతోంది. చూడ్డం మానేశాను.”

అంతే. తప్పైందనలేదు, పాప వంక చూడలేదు. ఆ గొంతు అంతకంటే ఎక్కువసేపు నిలవదని ఆయనకీ తెలిసినట్టుంది. వెంటనే దగ్గి, ఛాతీ విరిచి, “సరే, విప్పుదాం పట్టరా. నేను చెబుతుంటాను, నువ్వు విప్పు” అన్నాడు తమ్ముడితో.

“ఇవాళ నేను చెబుతాను అన్నయ్యా,” అన్నాడు సరంగు. “నువ్వు విప్పు.”

ఆ వారమంతా డాక్టరుగారి చొక్కా నల్లగానే ఉంది. రింగులు మార్చారు. సిలిండర్లలో అరిగిన లైనర్లు మార్చారు. అవతలి లాంచీలో ఉన్నలాంటి డబ్బా తెప్పించారు. దాన్ని ఎలా కలపాలో, అడుగున చేరిన నూనె ఎటు దిగాలో ఆ సరంగునే అడగాల్సి వచ్చింది. బావగారు అడగడానికి వెళ్లి, వాతావరణం గురించి మాట్లాడి తిరిగొచ్చాడు. రెండోసారి వెళ్లి, ఆ సరంగు పిల్లల చదువుల గురించి కనుక్కుని వచ్చాడు. మూడోసారి తల్లే వెంట వెళ్లి, టిక్కెట్ల కిటికీలోంచి అరిచినట్టు అక్కడే అడిగేసింది. “ఏం బాబూ, మావాడికి గొట్టం ఎటు పెట్టాలో తెలీదట, కాస్త చెప్పు!”

లాంచీ నీళ్లలోకి దిగింది. చిన్నకోడలు గట్టునే నిలబడింది, పాపని ఎత్తుకుని. ఈ వారం రోజులూ ల్యాబుకి సెలవు పెట్టింది. అవతలి గది తాళం చెవి ఆమె సంచిలో ఉంది. సరంగు ఎక్కమనలేదు. వంతెన చెక్క సరిచేసి, పక్కన నిలబడ్డాడు.

“గుడ్డ చూపించండి బావగారూ. చూస్తేనే ఎక్కుతాను.”

బావగారు ఇంజను వేడెక్కనిచ్చాడు. డబ్బాకి పోయే గొట్టం ఊడదీసి, భార్య ఇచ్చిన తెల్లముక్క జానెడు దూరంలో పట్టుకున్నాడు. తీసి ఆమె చేతికిచ్చాడు. మధ్యలో లేతగా, చుక్కంత మచ్చ.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. “మచ్చ ఉంది!”

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ల అవమానం తరువాత ఒకరికి పాఠం చెప్పే అవకాశం. గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతు వినగానే అత్తగారు కిటికీలో నుదురు కొట్టుకుంది.

“ఉంటుందమ్మా ల్యాబమ్మా! మచ్చ లేని ఇంజను ఇంకా షాపులోనే ఉంటుంది. ఒక గుడ్డ చూసి భయపడకూడదు, ఒక గుడ్డ చూసి మురిసిపోనూ కూడదు. దీన్ని దాచు. వచ్చే వారం ఇంకోటి పట్టి, రెండూ పక్కపక్కన పెట్టు. పెరిగితే విప్పు. పెరక్కపోతే నడుపు. చూడకుండా మాత్రం ఏదీ మూయకు.”

అదంతా పుట్టింది మొదలు తాను పాటిస్తున్న నియమమైనట్టు చెప్పాడు. పక్కన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చిన్నకోడలికి ఒళ్లు మండింది. ఆ మండే ఒంటితోనే మాట నిజమని ఒప్పుకోక తప్పలేదు. ఆ గుడ్డ మడిచి సంచిలో తాళం చెవి పక్కన పెట్టుకుంది. లాంచీ ఎక్కింది. సరంగు ముఖం చూడాలి అప్పుడు.

ఇప్పుడు పాప నడుస్తోంది. నడిచే పిల్ల కాబట్టి పడుతుంది, తుమ్ముతుంది, రొంప తెచ్చుకుంటుంది. మొన్న వాతావరణం మారగానే పాపకి దగ్గు పట్టుకుంది. ఇదివరకైతే రెండో దగ్గుకే ఆమె చెయ్యి మందుసీసా మీద ఉండేది, ఆ శబ్దం ఒకటి ఆగితే చాలన్నట్టు. మొన్నా చెయ్యి సీసా దాకా వెళ్లింది. వంటింటి గోడకి ఒక చిలక్కొయ్య, దానికి తెల్లముక్కలు వరసగా, లేత మచ్చలతో, దాదాపు ఒకేలా. వాటిని చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. పాపని భుజాన వేసుకుని కూర్చుంది. ఊపిరి తీరు చూసింది, పాలు తాగుతోందా చూసింది, నిన్నటి దగ్గు పక్కన ఇవాళ్టి దగ్గు పెట్టి చూసింది. పెరగలేదు.

కింద బావగారు ఎవరికో గట్టిగా చెబుతున్నాడు, ల్యాబులో చదివినవాళ్లు కూడా తన పద్ధతే పాటిస్తున్నారని. ఆమె పళ్లు కొరుక్కుంది. సీసా మూత బిగించి పైఅరలో పెట్టేసింది. పెరిగితే విప్పు. పెరక్కపోతే నడుపు. చూడకుండా మాత్రం ఏదీ మూయకు.